మేకులు పెట్టుకునే చోటు

హాస్టల్, కింది గది
వానలు తగ్గుముఖం పట్టిన వారం

ఒరేయ్ మొద్దూ,

మొన్న అందరం కూర్చుని తీయించుకున్న ఫోటో వచ్చింది. పెద్దది చేయించి గోడకి కొట్టిద్దామనుకున్నాను. చూస్తే నీ మొహం లేదు, నీ అరచెయ్యి ఉంది. అరచేతికి పైన రెండు కళ్ళు. నా హాస్టల్ పిల్లలు చూసి ఈయనెవరండీ, దగ్గుతున్నారా అని అడిగారు. మా తమ్ముడు, నవ్వుతున్నాడు అన్నాను. ఒక్కతీ నమ్మలేదు.

పై ముందుపళ్ళు రెండూ పోయి ఎంతకాలమైందో నీకైనా గుర్తుందా? మరదలు ఉన్నప్పుడు నీ మాటలు కూడా ఆవిడే మాట్లాడేది కనక గడిచిపోయింది. ఇప్పుడు నీ కొట్టుకి ఎవరైనా వస్తే వాళ్ళతో నువ్వు కుట్టే సోఫాయే మాట్లాడాలి కాబోలు. నేను ఫోన్ చేస్తే నాకు చెవుల్లేవు, నీకు గొంతు లేదు. అవతల మనిషి ఉన్నాడో పోయాడో తెలీదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు రాయి. "క్షేమం" అని ఒక్క ముక్క రాసి పంపావంటే వచ్చి నీ కొట్టు ముందు కూర్చుంటాను.

దీంతోపాటు ఒక పెట్టె వస్తుంది. దార్లో ఎత్తెయ్యకుండా, విసిరెయ్యకుండా నా పాత నీలం దుప్పట్లో చుట్టి గట్టిగా ముడేశాను. అది మా అమ్మాయిది. పోయినసారి వచ్చినప్పుడు నా బీరువాలో పెట్టి వెళ్ళింది. బీరువాలో చోటు చాలడం లేదు. నువ్వు విప్పొద్దు, ఇంకెవరి చేతా పంపొద్దు. నువ్వే క్లినిక్‌కి వెళ్ళి దాని చేతిలో పెట్టు. ఎలాగూ వెళ్తావు కనక ఆ కుర్చీలో కూర్చుని నోరు చూపించుకో. సొంత మేనకోడలు నీ ఊళ్ళోనే పళ్ళ డాక్టరు, నువ్వేమో నోటికి చెయ్యి అడ్డం. దాని పరువన్నా ఆలోచించు.

మీ అక్క


కొట్టు వెనక గది

అక్కయ్యకి నమస్కారం.

పెట్టె అందింది. ఇచ్చాను. క్షేమం.

ఇంతటితో ఆపితే నువ్వు వచ్చి కూర్చుంటావు. అందుకని మిగతాది రాస్తున్నాను.

క్లినిక్ మందుల షాపు మీద ఉంది. మెట్లు ఇరుకు. నేను రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాను. మూడోసారి అమ్మాయే కిటికీలోంచి చూసి, మావయ్యా, ఆ మెట్లు అరిగిపోతే మాకు అద్దె పెంచుతారు, పైకి రా అంది.

పెట్టె బల్ల మీద పెట్టాను. దుప్పటిని గుర్తుపట్టింది. నీ ముడినీ గుర్తుపట్టి ఉంటుంది. విప్పలేదు. మొహం ఎలాగో అయింది. కాలితో దాన్ని బల్ల కిందికి నెట్టింది. డాక్టరు అయిన పిల్ల కాలితో నెట్టడం నాకు వింతగా తోచింది.

కుర్చీలో కూర్చోబెట్టింది. తల పెట్టుకునే దగ్గర రెక్సిన్ చిరిగి, దానికి తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది. నాకు మొదట అదే కనబడింది. నోరు తెరవమంటే కొంచెం తెరిచాను. ఇంకొంచెం అంది. ఇంకొంచెం తెరిచాను. వేలితో చిగురు మీద మెల్లగా నొక్కుకుంటూ పోయింది. పాత సోఫా వచ్చినప్పుడు గుడ్డ కింద కర్ర ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పుచ్చిందో నేనూ అలాగే చూస్తాను. ఎముక సన్నబడిపోయింది మావయ్యా, పన్ను లేకపోతే ఎముకకి పని ఉండదు, పని లేకపోతే అది తరిగిపోతుంది అంది. కట్టుడు పన్ను పెట్టాలంటే లోపల స్క్రూ బిగించాలట. స్క్రూ పట్టాలంటే చుట్టూ ఎముకని పెంచాలట. పక్క వీధిలో ఇంకో డాక్టరు ఉన్నాడు, మంచివాడు, చీటీ రాసిస్తాను అంది.

"నీ దగ్గరైతే తెరుస్తాను. ఇంకొకళ్ళ దగ్గర తెరవను," అన్నాను.

రాయబోతున్న కలం మూసేసింది. ఆలోచించుకుని చెప్తాను మావయ్యా అంది. ఆలోచించుకోవాల్సింది నేను కదా. డాక్టరు ఆలోచించుకోవడమేమిటి?

పెట్టెలో ఏముంది అక్కయ్యా? నువ్వు నాకేదో చెప్పలేదు.

తమ్ముడు


హాస్టల్, కింది గది

తమ్ముడూ,

మొద్దు అనలేదు చూడు. నీకు అబద్ధం చెప్పాను కనక ఈసారికి మర్యాద. నా బీరువాలో చోటుంది. కావలసినంత ఉంది.

ఆ పెట్టెలో ఉన్నవి ఎముకలో స్క్రూలు బిగించే సామాన్లు. చదువయ్యాక ఎన్నాళ్ళో కూడబెట్టి కొనుక్కుంది. పోయినేడు ఒక స్కూలు టీచరమ్మకి స్క్రూ వేసింది. అంతా బాగానే చేశాననుకుంది. కొన్ని నెలలకి అది కదిలింది. ఎముక పట్టుకోలేదు. తీసెయ్యాల్సి వచ్చింది. టీచరమ్మ ఒక్కమాట అనలేదట. పోనీలెండి డాక్టరుగారూ, నా నోరే అంత అని రుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయిందట. "తిట్టి ఉంటే బాగుండేదమ్మా," అంది నాతో.

అప్పట్నుంచీ అది ఎవరికీ స్క్రూ వెయ్యలేదు. శుభ్రం చెయ్యడం, పుచ్చులు పూడ్చడం, అంతే. స్క్రూ అంటే చాలు, పక్క వీధికి చీటీ. నా దగ్గరికొచ్చినప్పుడు పెట్టె తెచ్చి, బీరువా అడుగున పెట్టి తాళం వెయ్యమ్మా అంది. వేశాను. అది బస్సెక్కాక తాళం తీసి ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను. దాని చేతులు నాకు తెలుసు. పసిపిల్లగా ఉన్నప్పుడు నా సూదిలోకి దారం ఎక్కించేది అదే. అలాంటి చేతులు భయపడి కూర్చుంటే చూడలేకపోయాను.

నేనే వెళ్ళి చేయించుకుందామంటే నా పళ్ళు గ్లాసులో ఉన్నాయి. నీ సంగతి నాకు తెలుసు, నీ కోసమైతే నువ్వు అడుగు కదపవు, దాని కోసమైతే కదుపుతావు. మరి ముందే ఎందుకు చెప్పలేదంటావా? చెప్తే అక్కడికెళ్ళి జాలిమొహం పెట్టుకుని కూర్చుంటావు. నీకు నటన రాదు.

నువ్వన్న ఆ ఒక్కమాటా అది నాకు రాసింది. "ఇంకొకళ్ళ దగ్గర తెరవడట." కింద గీత కూడా గీసింది. ఆ గీత చూసి నేను సగం నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు అసలు సంగతి తెలిసింది కదా. వెళ్తావా, మానతావా, నీ ఇష్టం. బలవంతం చెయ్యను. కానీ వెళ్తావు.

అక్క


కొట్టు వెనక గది

అక్కయ్యకి,

నేను వెళ్ళక్కర్లేకపోయింది. అమ్మాయే కొట్టుకొచ్చింది. పక్క సైకిలు షాపాయన తన స్టూలు తుడిచి ఇచ్చాడు. కూర్చోలేదు. నేను కుర్చీకి స్ప్రింగులు కడుతుంటే చూస్తూ నిలబడింది. చివరికి, రేపు పొద్దున కడుపు నిండా తిని రా మావయ్యా, ఇది కుదురుతుందని మాట ఇవ్వలేను, తెలిసే రా అంది. వస్తానన్నాను. ఆ సైకిలాయన, అమ్మా, ఈయన నోరు తెరిపిస్తే మీకు దణ్ణం పెడతాను, ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నాను, నాకు సాధ్యం కాలేదు అన్నాడు.

ఇక జరిగింది రాస్తాను. నాకు అర్థమైనంతే రాస్తాను. తప్పులుంటే అమ్మాయివి కావు, నావి.

నీ ముడి విప్పి ఉంది. సామాన్లన్నీ ఆవిరి మిషన్లో పెట్టి తీసి గుడ్డ మీద వరసగా పరిచింది. ఎంత సన్నవో అక్కయ్యా. ఒక్కోదానికీ ఒక్కో కొలత. వాటిని చూస్తుంటే చేతులు దురదపెట్టాయి.

ముందు నా చేతిలోంచి రక్తం తీసింది. పళ్ళకి చేతి రక్తమెందుకని అడగబోయి ఊరుకున్నాను. ఆ గొట్టాలు చిన్న మిషన్లో పెట్టి తిప్పింది. ఆగాక ఒకటి తీసి వెలుతురులో పట్టుకుని నాకు చూపించింది. కింద ఎర్రగా, పైన పల్చటి నీళ్ళలా, మధ్యలో లేత పసుపురంగులో జిగురులాంటి ముద్ద. నా రక్తంలో అలాంటిది ఉంటుందని నాకు తెలీదు. ఈ వయసులో మన లోపలిది మనకే ఎవరో కొత్తగా చూపిస్తే ఎలాగో ఉంటుంది.

అప్పుడు చెప్పింది. మనకి దెబ్బ తగిలితే రక్తం గడ్డకడుతుంది కదా, ఆ గడ్డ కట్టించే ప్లేట్‌లెట్ల లోపల కొన్ని పదార్థాలు దాగి ఉంటాయట. గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. అవి మెల్లమెల్లగా బయటికొచ్చి చుట్టుపక్కల కణాలకి కబురు పంపుతాయట. ఇక్కడికి రండి, కొత్త రక్తనాళాలు వెయ్యండి, ఎముక కట్టండి అని. ముద్దలో అవే చిక్కగా ఉంటాయట. "ఇది మందు కాదు మావయ్యా, మంత్రమూ కాదు. మాననిదాన్ని మాన్పదు. మానేదానికి మొదట్లో తోడుంటుంది. టీచరమ్మకి నేనిది వాడలేదు. వాడి ఉంటే నిలబడేదని కూడా చెప్పలేను," అంది. ఆ చివరి మాట మాస్కు వెనకాల మెల్లగా అంది.

కొంత ముద్దని రెండు పలకల మధ్య నొక్కి పల్చటి పొరలాగా చేసింది. కొంత చిన్న ముక్కలుగా కత్తిరించి ఎముక పొడిలో కలిపింది. రంపపు పొట్టులో బంక కలిపినట్టు ఆ పొడి ముద్దకట్టింది. వట్టి పొడి అయితే జారిపోతుంది, ఇది పెట్టిన చోటే కూర్చుంటుంది.

మత్తు ఇచ్చాక నోరంతా నాది కానట్టయింది. చిగురు కోసింది. ఎముక దాకా వచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది.

ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది అక్కయ్యా. పక్కనున్న నర్సమ్మ అమ్మాయి మొహంలోకి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. నాకు మాట్లాడ్డానికి లేదు.  నాకైతే ఎవరైనా పక్కన నిలబడి చూస్తుంటే సుత్తి తప్పుతుంది. అది గుర్తొచ్చి కళ్ళు మూసుకున్నాను. గట్టిగా మూసుకున్నాను. కాసేపటికి మిషను మోత మొదలైంది.

తర్వాత నేను కళ్ళు తెరవలేదు. కానీ తెలుస్తుంది. తొందర లేదు. కొంచెం చెయ్యడం, నీళ్ళు పొయ్యడం, ఆగడం, మళ్ళీ కొంచెం. పనిని బలవంతపెట్టని చెయ్యి అది. రెండు స్క్రూలు బిగించింది. చుట్టూ ముద్ద పేర్చింది, పైన పొర కప్పింది, చిగురు మూసి కుట్లు వేసింది. ఆ కుట్లు తర్వాత అద్దంలో చూశాను. నేను సోఫా అంచుకి వేసే కుట్టు కూడా అంత సమంగా రాదు.

ఇంటికొచ్చాక అనిపించింది. నేను మేకు కొట్టేది చచ్చిన కర్రకి. దిగిన రోజు ఎంత పట్టుందో అంతే, ఆ తర్వాత వదులవడమే తప్ప బిగియడం ఉండదు. అమ్మాయి బిగించినదానికి ఇవాళ పట్టు తక్కువ. రోజులు గడిచేకొద్దీ ఎముకే వచ్చి దాన్ని పట్టుకోవాలి. బిగించేసి, ఇక నా చేతిలో లేదని ఊరుకోవాలి. అది నావల్ల కాదు. ఎంత ధైర్యం కావాలి.

ఎముక కట్టడానికి నెలలు పడుతుందట. తిండి తప్ప నోట్లో ఇంకేమీ పెట్టుకోవద్దంది. స్క్రూల మీద పళ్ళు కూడా ఇంకా పెట్టలేదు.

ఒక్కటి చెప్పాలి. వచ్చేటప్పుడు చూశాను. పెట్టెని మళ్ళీ దుప్పట్లో చుట్టి ముడేసి బల్ల కిందే పెట్టింది.

తమ్ముడు


హాస్టల్, కింది గది

మొద్దూ,

నీ ఉత్తరం భోజనాల దగ్గర పిల్లలకి పైకి చదివి వినిపించాను. రక్తం తిప్పే దగ్గర ఇద్దరు కంచాలు వదిలేసి వెళ్ళిపోయారు. ఒకత్తి మాత్రం మళ్ళీ చదవండి అంది. అది సైన్సు పిల్ల. నువ్వు రాసింది సరిగ్గానే ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది.

నువ్వు కళ్ళు మూసుకున్నావని రాసిన చోట నేను ఆగిపోయాను. పిల్లలకి ఆ ముక్క చదవలేదు. నీకు పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కుర్రాడు మూగా అని అడిగితే నాన్న ఏం చెప్పాలో తెలీక నిలబడిపోయాడు. ఇవాళ ఉంటే, మావాడు కళ్ళు మూసుకుని కూడా మాట్లాడతాడని చెప్పి ఉండేవాడు.

ముడి సంగతి రాశావు. తొందరపడకు. ఒకసారి చెయ్యి ఆడితే సరిపోదు. నిలబడాలి. దానికి తెలుసు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ స్క్రూలు నిలిస్తే ఆ ముడి విడుతుంది. నిలవకపోతే, ఇక నేను ఎన్నిసార్లు పార్సిలు చేసినా దాన్ని ఎవరూ విప్పరు.

అందుకని నీ నోరు ఇప్పుడు నీ ఒక్కడిది కాదు. జాగ్రత్తగా చూసుకో. మెత్తనివి తిను. నవ్వు రాకపోతే మానె, దెబ్బ తగలనివ్వకు.

అక్క


కొట్టు వెనక గది

అక్కయ్యకి,

ఇది నువ్వొక్కదానివే చదువు. భోజనాల దగ్గర వద్దు.

ఆ కుర్చీకి తల దగ్గర చిరిగిందన్నాను కదా. అమ్మాయికి నేనేమివ్వగలను? సెలవురోజు ఆ కుర్చీ దిండ్లు రెండూ మరలు తీసి కొట్టుకి తెచ్చుకున్నాను. ముదురాకుపచ్చ రెక్సిన్, ఉన్నవాటిలో మంచిది తీశాను. పాత స్పాంజి తీసేసి కొత్తది వేశాను. గుడ్డ బిగించడం మొదలుపెట్టాను.

నా పని నీకు తెలుసు. ఎడమచెయ్యి గుడ్డ లాగి పట్టుకోవాలి, కుడిచేతిలో సుత్తి. చిన్న మేకులు పట్టుకోడానికి మూడో చెయ్యి కావాలి. నాకు నోరే ఆ చెయ్యి. గుప్పెడు మేకులు నోట్లో వేసుకుని నాలుకతో ఒక్కోటీ ముందుకు తోస్తాను, పెదవి దగ్గర అందుకుంటాను. పళ్ళు పోయాక ఆ సందు మేకులకి ఇంకా వాటంగా కుదిరింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మేకులు పెట్టుకునే చోటు అది.

వేసుకోకూడదని తెలుసు. ఇన్ని రోజులూ చిన్న డబ్బాలో పెట్టుకుని ఒక్కోటీ ఏరుకుంటూ చేశాను. ఆ రోజు గుడ్డ బాగా కుదురుతోంది. మడత రాకుండా మూల తిరుగుతోంది. అమ్మాయి చూసి ఏమంటుందో అనుకుంటూ చేస్తున్నాను. మేకులు నోట్లోకి ఎప్పుడు వెళ్ళాయో నాకు తెలీదు. ఉప్పగా తగిలింది. ఉమ్మేస్తే మేకులు, రక్తం, వాటితో ఇసుక రేణువుల్లాంటివి కొన్ని. ఆ రేణువులు ఎక్కడివో నాకు తెలుసు. అమ్మాయి కలుపుతుంటే చూశాను కదా.

 అద్దంలో చూస్తే ఒక కుట్టు ఊడింది, చిగురు అంచు విడింది. నొప్పి ఎక్కువ లేదు. నీళ్ళు పుక్కిలించాను. దిండ్లు పూర్తిచేసి బిగించి వచ్చాను. అమ్మాయి చెయ్యి వేసి నిమిరి చూసింది. మావయ్యా, ఇక దీంట్లో నేనే పడుకుంటాను, పేషంట్లు నిలబడతారు అంది. అంత సంతోషంగా దాన్ని ఈమధ్య చూడలేదు.  పెదవులు బిగించుకుని వచ్చేశాను.

దానికదే మూసుకుంటుందేమో. దయచేసి దానికి రాయకు.

తమ్ముడు


హాస్టల్, కింది గది

తమ్ముడూ,

నేను రాయను. నువ్వు వెళ్ళి చెప్పు.

దానికదే మూసుకుంటే నీ అదృష్టం. మూసుకోకపోతే ఏమవుతుందో చూడు. నెలలు పోయాక అది తెరిచి చూస్తుంది, స్క్రూ కదులుతుంది. నువ్వు చెప్పలేదు కనక తన చెయ్యే అనుకుంటుంది. రెండోసారి. టీచరమ్మ మాట్లాడకుండా మెట్లు దిగిపోయి దాన్ని ఏం చేసిందో నీకు రాశాను. నువ్వూ అదే చేసి వచ్చావు.

నువ్వు సిగ్గరివని చిన్నప్పట్నుంచీ అందరం వెనకేసుకొచ్చాం. ఇందులో వెనకేసుకురాను.

ఈ ఉత్తరం అందిన పూటే వెళ్ళు.

అక్క


కొట్టు వెనక గది

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందిన పూటే వెళ్ళాను. కొట్టు తెరిచి వదిలేశాను. సైకిలాయన చూసుకున్నాడు.

మెట్లు ఒక్కసారే ఎక్కాను. లోపల వేరే మనిషి ఉన్నాడు. ఆయన వెళ్ళేదాకా కూర్చుంటే నోటికొచ్చిన మాట వెనక్కి పోతుందని తలుపు దగ్గరే నిలబడి, మేకులు నోట్లో పెట్టుకున్నాను, కుట్టు ఊడింది అని చెప్పేశాను. కుర్చీలో ఉన్నాయన తల తిప్పి చూశాడు. నా జన్మలో కొత్తమనిషి ముందు అంత మాట అనలేదు.

ఆయన్ని పంపేసి నన్ను కూర్చోబెట్టింది.

"ఎప్పుడు?"

"కుర్చీ కుట్టేటప్పుడు."

"ఏ కుర్చీ?"

"ఇప్పుడు కూర్చున్నదే."

మాస్కు కదిలింది. నవ్వుతోందో, కోపమో తెలీలేదు. దీపం దగ్గరికి లాగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా చేతికి అద్దం ఇచ్చి, కింది పళ్ళు చూసుకో మావయ్యా అంది. చూశాను. ముందు రెంటి అంచుల్లో చిన్న నొక్కులు, వేలిగోరుతో గిల్లినట్టు. మొదటిరోజే నేనివి చూశాను మావయ్యా, మేకులు పట్టీ పట్టీ అరిగినవి అంది. నా మాట విని నువ్వు మానేస్తావని నేనెప్పుడూ అనుకోలేదు, చేతికి ఇన్నేళ్ళ అలవాటు నా ఒక్కమాటతో పోతుందా అంది. అందుకే స్క్రూలు లోతుగా దించి, పూర్తిగా చిగురు కింద మూసేసిందట. అందుకే పైన తాత్కాలికంగా కూడా పన్ను పెట్టలేదట. పన్ను ఉంటే మేకు దాని మీద నొక్కుతుంది, నొక్కితే స్క్రూ కదులుతుంది. ఇప్పుడు పోయింది పైపైన రేణువులే, స్క్రూ జోలికి వెళ్ళలేదనుకుంటాను అంది. అనుకుంటాను అనే అంది. మాట ఇవ్వలేదు.

నేను మానలేనని ముందే తెలిసి, నన్నొక్కమాట అనకుండా, నా తప్పుకి కూడా చోటు వదిలి పని చేసింది అక్కయ్యా. కర్ర ఎటు వంగుతుందో చూసి చట్రం కట్టేవాణ్ణి ఒకే ఒక్కణ్ణి చూశాను, నాకు పని నేర్పినాయన. ఆయన తర్వాత ఈ అమ్మాయే.

మళ్ళీ రక్తం తీసింది, తిప్పింది, కొత్త పొర చేసి కప్పింది, కుట్టింది. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు. నేను కళ్ళు తెరిచే ఉంచాను.

అయ్యాక గ్లౌజులు తీస్తూ అంది. "నువ్వు చెప్పకపోతే నా కుట్టే ఊడిందనుకునేదాన్ని మావయ్యా. ఈసారి పెట్టెని అమ్మ దగ్గర కూడా దాచేదాన్ని కాదు. పారేసేదాన్ని."

మెట్ల దాకా వచ్చింది. టీచరమ్మని నేనేమీ అడగలేదు, ఏం తిన్నారు, ఎక్కడ తగిలింది, ఒంట్లో ఎలా ఉంది, ఏమీ అడగలేదు, ముందే తప్పు నాదని తేల్చేసుకున్నాను అంది.  నోటినిండా దూదితో తల ఊపాను.

పెట్టె బల్ల కిందే ఉంది. ముడి అలాగే ఉంది.

తమ్ముడు


హాస్టల్, కింది గది
ఎండలు మొదలయ్యాక

మొద్దూ,

మళ్ళీ మొద్దువే. బెంగపడకు.

నా సైన్సు పిల్ల ఉంది కదా, దానికి నీ మూడో చేతి సంగతి చెప్పాను. మణికట్టుకి అయస్కాంతం కట్టుకుంటే మేకులు దానికే అంటుకుంటాయి కదండీ అంది. ఇంతకాలం మనలో ఒక్కరికీ తట్టలేదు. పాత రేడియోలోంచి అయస్కాంతం తీసింది. నేను పట్టీలో పెట్టి కుట్టాను. సూదిలోకి దారం అదే ఎక్కించింది. కుట్టు వంకరగా వచ్చింది, నవ్వకు. ఎడమచేతికి కట్టుకో. స్నానం చేసినా తియ్యకు.

అమ్మాయి ఉత్తరం రాసింది, పొడుగ్గా. వాతావరణం, నర్సమ్మ చెల్లెలి చదువు, నా మోకాళ్ళు, అన్నీ ఉన్నాయి. నీ పళ్ళ మాట ఒక్కటి లేదు. దాని భయమెంతో నాకు అందులో తెలిసింది. నాక్కూడా ఈమధ్య నిద్ర సరిగా పట్టడం లేదు. రోజూ పోస్టు వచ్చే వేళకి వరండాలో కూర్చుంటున్నాను.

తెరిచిన రోజే రాయి. ఏదైనా సరే రాయి.

అక్క


కొట్టు వెనక గది
మళ్ళీ మబ్బులు పడుతున్నాయి

అక్కయ్యకి,

తెరిచిన రోజే రాయమన్నావు. రాయలేదు. తిట్టు. పళ్ళు కూడా పెట్టాక ఒకేసారి రాయమని అమ్మాయే ఆపింది. ఇన్ని వారాలు నిన్ను వరండాలో కూర్చోబెట్టాం.

తెరిచే రోజు మెట్ల మీద ఇద్దరం కలిశాం. అమ్మాయి మందుల షాపు నుంచి పైకొస్తోంది, నేను ఎక్కుతున్నాను.  ఆ రోజు దానికీ నాలాగే నోరు రాలేదు.

ముందు ఎక్స్‌రే తీసింది. ఫిల్ము వెలుతురులో పట్టుకుంది. నాకు చూపించలేదు. చిగురు కొంచెం తెరిచి, రెండు స్క్రూల మీద చిన్న మూతలు బిగించింది. తర్వాత సన్నటి ఇనప కాడ తీసుకుని వెనక్కి తిప్పింది. దాని పిడితో మూత మీద కొట్టింది. చాలా మెల్లగా.

టంగుమంది.

నా చెవుల్లో కాదు, పుర్రెలో మోగింది. అమ్మాయికి కూడా వినబడింది. రెండోదాని మీద కొట్టింది. అదీ మోగింది. మెత్తటిది ఏదైనా అడ్డం ఉంటే ఆ మోత రాదు, అంటే ఎముక పట్టుకుంది. మళ్ళీ మొదటిదాని మీద కొట్టింది. అక్కర్లేదు, తెలిసిపోయింది, అయినా కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో. నర్సమ్మ ఇక చాలండి, ఆయన గుడిగంట కాదు అంది.

అప్పుడు ఫిల్ము చూపించింది. స్క్రూల చుట్టూ ఎముక తెల్లగా, ఆనుకుని ఉంది. మధ్యలో నల్లగీత లేదు. మేకులు తగిలిన వైపు ఒక అంచు కొంచెం తక్కువగా ఉంది. అది నీ సంతకం మావయ్యా, ఉండనీ అంది. గ్రోత్ ఫ్యాక్టర్లు కబురు పంపాయి, నీ ఎముక విని వచ్చింది అంది. నేనైతే అవి కబురు పంపాయంటాను కానీ, వాటిని ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు చేతులు కట్టుకుని ఊరుకోవాలో తెలిసినది అమ్మాయి అంటాను. ఆ ముక్క దాంతో అనలేదు. నీకు రాస్తున్నాను. చదివి చెప్పు.

నిన్న పళ్ళు పెట్టింది. నా రంగులోనే, కొంచెం అరిగినట్టుగా చేయించింది. కొత్త పళ్ళలా ఉంటే నువ్వు సిగ్గుతో మళ్ళీ చెయ్యి అడ్డం పెడతావని ఇలా చెప్పి చేయించాను అంది.

నేను లోపల్నుంచి వచ్చేసరికి బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతిలో రుమాలు. అమ్మాయే ఉత్తరం రాసి పిలిపించిందట. ఎవరో నాకెవరూ చెప్పలేదు, కానీ రుమాలు పట్టుకున్న తీరు చూసి టీచరమ్మేనని తెలిసింది. నేనూ అలాగే కూర్చునేవాణ్ణి. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలలు దించుకున్నాం. తర్వాత ఆవిడా అమ్మాయీ లోపల ఏం మాట్లాడుకున్నారో తెలీదు. తలుపు వేసుకున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఆవిడ గొంతు ఒకసారి పెద్దగానే వినబడింది. తిట్టిందేమో. నాకు సంతోషమేసింది.

ఆవిడ వెళ్ళాక అమ్మాయి బల్ల కిందనుంచి పెట్టె తీసింది. ముడి విప్పింది. నీ ముడి కాదు, తనదే, అయినా గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగబోయి నన్ను చూసి ఆగింది. నేను విప్పాను. పెట్టెని కిటికీ పక్క అరలో, చేతికందే చోట పెట్టింది. దుప్పటి మడతపెట్టాలి, పట్టుకో మావయ్యా అంది. ఆ చివర అది, ఈ చివర నేను. రెండు చేతులా పట్టుకుని దులిపాం. అందులోంచి ఒక మేకు రాలింది. కిందపడలేదు. ఎగిరి వచ్చి నా మణికట్టుకున్న అయస్కాంతం పట్టీకి అంటుకుంది.

అది నవ్వింది. నేనూ నవ్వాను. చాలాసేపటికి గానీ గమనించలేదు, నా రెండు చేతులూ దుప్పటికే ఉన్నాయి.

ఈ ఉత్తరంతో పాటు దుప్పటి పంపుతున్నాను. ఉతికించాను. పెట్టె రాదు.

తమ్ముడు